పిల్లల తొలి సవారీకి మన పొట్టి గుర్రం

అబ్బాసియా (కువైట్): చలికాలం వచ్చిందంటే ఇక్కడి తెలుగు కుటుంబాలకు శుక్రవారాలు చాలవు. ఎడారిలో గుడారాలు వెలుస్తాయి. కబ్ద్ వైపు కార్లు బారులు తీరతాయి. దారిపొడవునా ఉన్న అశ్వశాలల దగ్గర పిల్లలు కాళ్లు కదపరు. ముందు ‘ఒక్క రౌండ్’ అంటారు, తర్వాత ‘ఒక్క ఫోటో’ అంటారు. నెల తిరిగేసరికి ‘నేర్చుకుంటా’ అని పట్టు పడతారు. మా తొమ్మిదేళ్ల అమ్మాయి కూడా అలాగే పట్టుబట్టింది. నేర్పించాలా వద్దా అన్న ప్రశ్నకన్నా ముందు నాకు మరో సందేహం వచ్చింది. పసిపిల్లకు తొలిసారి ఎలాంటి గుర్రం సరిపోతుంది? ఇక్కడ దొరికేది అరబ్బీ. సెలవుల్లో ఊరెళితే కొండల మీద, బీచ్‌ల్లో కనిపించేది మన దేశవాళీ పొట్టి గుర్రం. రెంటి స్వభావం ఒకటి కాదు. ఈ తేడా తెలుసుకోకుండా పిల్లల్ని జీను ఎక్కించకూడదని, తెలిసినవాళ్లను నాలుగు మాటలు అడిగాక నాకు అర్థమైంది.

అరబ్బీ తీరు

అరబ్బీ గుర్రాన్ని బెదూయిన్లు వందల ఏళ్లు తమ గుడారాల పక్కనే పెంచారు. సవారీకి మగ గుర్రంకన్నా ఆడ గుర్రానికే ఎక్కువ విలువ ఇచ్చారు. అందుకే ఈ జాతికి మనిషంటే బెదురు తక్కువ, మచ్చిక ఎక్కువ. చెప్పింది ఇట్టే పట్టేస్తుంది. దమ్ము చాలా ఎక్కువ. 160 కిలోమీటర్ల దాకా సాగే ఎండ్యూరెన్స్ పోటీల్లో ప్రపంచమంతటా ఈ జాతిదే పైచేయి. కువైట్‌కు ఇది గౌరవానికి గుర్తు. ఈ జాతిని కాపాడేందుకే ఇక్కడ ‘బైత్ అల్ అరబ్’ అనే ప్రభుత్వ కేంద్రం నడుస్తోంది.

ఇన్ని మంచి గుణాలున్నా, కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇబ్బంది వచ్చేది కూడా ఆ చురుకుదనంతోనే. కబ్ద్‌లోని ఒక అశ్వశాలలో ఏళ్లుగా పనిచేస్తున్న మా రాజంపేట వైపు అన్న ఒకాయన ఈ సంగతి విడమరిచి చెప్పాడు. “అరబ్బీ చెడ్డది కాదు సామీ. మనం చెప్పేది దానికి శానా తొందరగా ఇనపడతాది. పిల్లోళ్లు కాలితో ఏం చెప్తాండారో వాళ్లకే తెలీదు గదా.”

ఆయన మాటకు అర్థం ఇది. భయపడిన పిల్ల మొదట చేసే పని రెండు కాళ్లతో గుర్రం పక్కలను గట్టిగా అదమడం. గుర్రానికి నేర్పిన భాషలో దానికి ‘ముందుకు పద’ అని అర్థం. గుర్రం వేగం పెంచుతుంది. పిల్ల ఇంకా గట్టిగా అదుముతుంది. చేతిలోని పగ్గాలు అదే సమయంలో ‘ఆగు’ అని లాగుతుంటాయి. చురుకైన గుర్రానికి ఈ రెండు మాటలు ఒకేసారి వినబడితే తికమక పడుతుంది. నిదానమైన గుర్రమైతే రెంటినీ పట్టించుకోకుండా తన నడక తాను నడుస్తుంది. నేర్చుకునే పిల్లకు కావలసింది ఆ రెండో రకం.

మన పొట్టి గుర్రం ఏది?

కడప, ప్రొద్దుటూరు, మదనపల్లె వైపు పుట్టి నలభై దాటినవాళ్లకు జట్కాబండి గుర్తుండే ఉంటుంది. బస్టాండు ముందు హారన్ల మోతలో, జనం మధ్యలో, ముఖాన దాణా సంచి కట్టుకుని గంటల తరబడి కదలకుండా నిలబడే చిన్న గుర్రం. కళ్లకు గంతలు ఉన్నా, చెవుల్లో పడే మోతకు బెదరకుండా ఉండాలంటే దానికి సహజంగా ఓర్పు ఉండాలి. తట్టువ అనీ, నాటు గుర్రం అనీ పిలిచిన ఆ పొట్టి గుర్రాల్లో దక్కన్ రక్తం ఉండేది.

దక్కన్ గుర్రాల్లో ఈరోజుకీ పేరుతో మిగిలినది మహారాష్ట్రలో భీమా నది లోయకు చెందిన భీమ్‌థడీ. మరాఠా సైన్యాలు నడిచింది ఈ గుర్రాల మీదే. సైన్యాలు పోయాక దీన్ని నిలబెట్టింది ధన్‌గర్ గొర్రెల కాపరులు. వానలు వెనుకబట్టాక వాళ్లు మందలతో ఊళ్లు దాటి నెలల తరబడి తిరుగుతారు. వంటసామాను, గుడారం, నడవలేని గొర్రెపిల్లలు, ఒక్కోసారి ఇంటి పసిపిల్లలు కూడా ఈ గుర్రం వీపు మీదే ప్రయాణిస్తారు. కాపరి కుటుంబం తన పసిబిడ్డను వీపున కట్టి పంపే జంతువుకు ప్రత్యేకంగా మరో యోగ్యతాపత్రం అక్కర్లేదు.

ఈ జాతి అంతరించిపోయిందని చాలాకాలం రాసుకున్నారు. చివరికి 2023-24లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ భీమ్‌థడీని విడి జాతిగా నమోదు చేసింది. మార్వారీ, కాఠియావాడీ, కచ్ఛీ-సింధీ, మణిపురి, స్పితి, జన్‌స్కారీ, భూటియా తర్వాత ఇది దేశంలో ఎనిమిదో అశ్వజాతి. అదే విడతలో మన పల్నాటి మాచర్ల గొర్రెకూ జాతి గుర్తింపు దక్కింది.

రెండూ చుట్టాలే

అరబ్బీకీ మన దక్కన్ గుర్రానికీ సంబంధం పాతది. విజయనగర రాజులకు గుర్రాలు సముద్రం మీదుగా వచ్చేవి. గుర్రాల వ్యాపారం తెలిసిన పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ 1530ల్లో రాసిన వృత్తాంతం ప్రకారం రాయలు హొర్ముజ్ గుర్రాలు, నాటు గుర్రాలు కలిపి ఏటా 13,000 కొనేవాడు. అంతకుముందు సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుర్రానికీ వెల కట్టేవాడనీ, సాక్ష్యంగా తోక చూపిస్తే చాలనీ అదే వృత్తాంతం చెబుతుంది. దీన్నిబట్టి గుర్రానికి ఎంత గిరాకీ ఉండేదో, దారిలో ఎన్ని చచ్చిపోయేవో ఊహించవచ్చు.

పంతొమ్మిదో శతాబ్దంలో కువైట్ రేవు నుంచి కూడా గుర్రాలు ఓడలెక్కి బొంబాయి చేరేవి. దక్కన్ గుర్రం ఇలా వచ్చిన అరబ్బీ రక్తం, నాటు రక్తం కలిసి ఏర్పడిందని చెబుతారు. అరబ్బీ నుంచి దమ్ము, నాటు గుర్రం నుంచి మన ఎండకూ వానకూ మెట్టనేలకూ తట్టుకునే గుణం వచ్చాయి. దక్షిణాదికి తెచ్చిన గుర్రాలు సంరక్షణ తెలియక చచ్చిపోతున్నాయని మార్కోపోలో పదమూడో శతాబ్దంలోనే రాశాడు. పచ్చిక, కాస్త ఉలవల దాణాతో నెట్టుకొచ్చే పొట్టి గుర్రం మాత్రం ఇక్కడే నిలబడింది.

ఎవరికి ఏది సరిపోతుంది?

అంతర్జాతీయ పోటీల లెక్కలో మూపు దగ్గర 148 సెంటీమీటర్ల లోపు ఎత్తుంటే పోనీ, అంటే పొట్టి గుర్రం. అరబ్బీ సాధారణంగా ఈ గీతకు అటూ ఇటూగా ఉంటుంది. దక్కన్ గుర్రం నాలుగడుగుల పైచిలుకు, అంతే. పిల్ల పడినా పడే ఎత్తు తక్కువ. కింద నిలబడ్డ తండ్రి చేయి పిల్ల నడుముకు అందుతుంది. ఈ ఒక్క కారణానికే చాలా దేశాల్లో పిల్లల పాఠాలు పొట్టి గుర్రంతో మొదలవుతాయి.

బరువు లెక్క కూడా ఉంది. జీనుతో కలిపి గుర్రం మోసే భారం దాని బరువులో అయిదో వంతు దాటకూడదని శిక్షకులు పాటిస్తారు. సుమారు 400 కిలోల అరబ్బీకి అది 80 కిలోలు. 250 కిలోల పొట్టి గుర్రానికి 50 కిలోలే. అంటే మన పిల్లలకు హాయిగా సరిపోయే గుర్రం మీద మనం సరదాకి కూడా ఎక్కకూడదు. భారతదేశంలో బరువు మోసే పశువుల గురించి 1965లో చేసిన నియమాల ప్రకారం పోనీ మీద 70 కిలోలకు మించి సరుకు వేయడం నేరం. కొండ ఊళ్లలో తొంభై కిలోల పర్యాటకుడిని మోస్తూ ఎగువకు నడిచే గుర్రాన్ని చూసినప్పుడు ఈ అంకె గుర్తుకు తెచ్చుకోవాలి.

పొట్టి గుర్రంలో లోపాలు లేవని కాదు. మొండితనం దాని గుణాల్లో ఒకటి. పచ్చిక కనిపిస్తే తల దించేస్తుంది. చిన్న పిల్ల పగ్గం లాగితే లెక్క చేయదు. చేత్తో తినుబండారాలు అలవాటు చేస్తే జేబులు వెతుకుతూ కొరుకుతుంది. అడుగులు పొట్టివి కాబట్టి పరుగులో కుదుపు ఎక్కువ. బండి లాగడం మాత్రమే తెలిసిన గుర్రానికి జీను కొత్త. దానికి విడిగా నేర్పాలి. అలా అని పొట్టిదాన్ని పిల్లల ఆటబొమ్మగా తీసిపారేయనక్కర్లేదు. ఆధునిక పోలో ఆట పుట్టింది మణిపురి పోనీల మీదే. 1859లో సిల్చార్‌లో తొలి పోలో క్లబ్బు వెలసింది కూడా ఆ ఆటను చూసిన తెల్లదొరల చేతనే.

ఇక్కడ కువైట్‌లో దేశవాళీ పోనీ ఎలాగూ దొరకదు. కాబట్టి అరబ్బీల్లోనే దానికి దగ్గరి స్వభావం ఉన్నదాన్ని అడగాలి. వయసు పన్నెండు దాటిన ఆడ గుర్రం గానీ, కొట్టించిన మగ గుర్రం గానీ అయితే మేలు. కొట్టించని మగ గుర్రం ఎంత అందంగా ఉన్నా పిల్లలకు వద్దు. మా అమ్మాయిని అలాంటి ఒక పెద్ద వయసు ఆడ గుర్రం మీదే మొదలుపెట్టించాం. మొదటి నెలంతా శిక్షకురాలు తాడు పట్టుకునే నడిపించింది. వేసవిలో పాఠాలు తెల్లవారుజామున గానీ, పొద్దు కుంకాక గానీ ఉంటేనే పంపండి. ఎండ మనకెంతో గుర్రానికీ అంతే.

ఎక్కే ముందు చూడండి

జాతి ఏదైనా, ఆ రోజు ఆ గుర్రం మనసు ఎలా ఉందో చూసుకోవాలి. చెవులు అటూ ఇటూ తిరుగుతుంటే చుట్టూ వింటోందని అర్థం. రెండు చెవులూ వెనక్కి అణిగి మెడకు అంటుకుంటే కోపంలో ఉంది, దూరం జరగండి. ఒక వెనక కాలు కాస్త మడిచి తల దించుకుని నిలబడితే ప్రశాంతంగా ఉందని గుర్తు. ఈగలు లేకుండానే తోక విసురుతుంటే ఏదో ఇబ్బంది ఉంది.

గుర్రానికి సరిగ్గా వెనక వైపు, ముక్కు ఎదుట కొద్ది దూరం కనబడదు. అందుకే పిల్లల్ని ఎప్పుడూ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి తీసుకెళ్లాలి. ఏదైనా తినిపిస్తే అరచేయి చాచి పెట్టాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. గుర్రం ఉలిక్కిపడితే ఆ చుట్టు బిగుస్తుంది. తలకు హెల్మెట్, కాలికి మడమ ఉన్న బూటు తప్పనిసరి. మడమ లేని చెప్పుతో ఎక్కితే పాదం రికాబులోంచి జారి ఇరుక్కుంటుంది. కిందపడటంకన్నా ఇది పెద్ద ప్రమాదం.

జీను ఎత్తించి వీపు చూడండి. పుండ్లు, వెంట్రుకలు ఊడిన మచ్చలు ఉంటే ఆ గుర్రం నొప్పితో ఉంది. నొప్పితో ఉన్న గుర్రం ఎంత మంచి జాతిదైనా నమ్మదగినది కాదు. నడిపించి చూడమనండి. కుంటితే వద్దనండి. జీను ఎత్తి చూపించడానికి ఇష్టపడని చోటు నుంచి వెనక్కి వచ్చేయడమే మంచిది.

సెలవుల్లో ఊరెళితే

హైదరాబాద్ లాంటి నగరాల్లో రైడింగ్ స్కూళ్లు పెరిగాయి. చాలాచోట్ల పాఠాలకు వాడేది పందేల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లను. అవి పరుగుకోసం పెంచిన ఎత్తైన గుర్రాలు. బాగా తిరిగి నేర్పినవి ఉంటాయి, లేనివీ ఉంటాయి. ‘పిల్లలకు దేశవాళీ పోనీ ఉందా?’ అని అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే పెట్టేవాళ్లు ఉంటారు. పెళ్లి ఊరేగింపు గుర్రాన్ని మాట్లాడేటప్పుడు కళ్లెం చూడండి. ముళ్ల కళ్లెం వాడటాన్ని ఆ 1965 నియమాలే నిషేధించాయి.

పొట్టి గుర్రం ఓర్పు ఇంకా రోజువారీ అవసరంగా ఉన్న చోటు కూడా మన రాష్ట్రంలో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డు లేని ఊళ్ల నుంచి సంతకు సరుకు మోసేది, రేషన్ బియ్యం ఇంటికి చేర్చేది చిన్న గుర్రాలే. దారి లేని బడికి పిల్లలూ మాస్టార్లూ వాటి మీద వెళ్లిన సందర్భాలు పేపర్లలో చూశాం. ఆ ఊళ్లకు రోడ్డు రావాలి, అది వాళ్ల హక్కు. అయితే రోడ్డు వచ్చిన మరుసటి ఏడే జట్కా గుర్రానికి పట్టిన గతి ఆ గుర్రాలకూ పడుతుంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. పని లేకపోయినా దాణా తప్పదు. ఆ ఖర్చు మోయలేకే రాయలసీమ పట్టణాల్లో జట్కావాళ్లు ఒక్కొక్కరుగా గుర్రాల్ని వదిలేసి ఆటోలు కొనుక్కున్నారు. భీమ్‌థడీకి కాగితం మీద జాతి గుర్తింపు వచ్చింది గానీ, దాన్ని పెంచే కాపరికి మేపడానికి ఒక కారణం కావాలి. ఇక్కడివాళ్లు అరబ్బీని ఎడారి యుద్ధాలు ముగిశాక కూడా పోటీలకు, ప్రదర్శనలకు, పిల్లల పాఠాలకు వాడుతూ నిలబెట్టుకున్నారు. మన పొట్టి గుర్రానికి పందెం గెలిచే వేగం లేదు. పిల్లలకు సవారీ నేర్పే ఓర్పు మాత్రం పుష్కలంగా ఉంది. సెలవుల్లో మన పిల్లలు దాని వీపు మీద గడిపే ప్రతి గంటా దాని దాణాకు ఒక రోజు భరోసా.