మబ్బుల మీదనుంచి గోదావరిని చూచే కన్ను

గోదావరికి వరద వచ్చిందంటే యానాంలో వున్న మనవారికీ, లంక గ్రామాలలో చుట్టాలున్న మనవారికీ ఒకటే ఆరాటం: నీరు ఎంతవరకు వచ్చింది? బెంగుళూరులో వున్నా, బరంపురంలో వున్నా ఆ రాత్రి నిద్ర పట్టదు. యీ ప్రశ్నకు ఇప్పుడు ఆకాశం నుంచి కూడా జవాబు వస్తున్నది. దానిని ఎంతవరకు నమ్మవచ్చునో కొంచెం విచారిద్దాం.

ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వాటి నడుమ కోనసీమ. గౌతమి ఒడ్డున యానాం. నేల పళ్ళెంలాగా చదును గనుక గట్టు దాటిన నీరు ఒక దారిన పోదు, అన్నివైపులా పరచుకొంటుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. యానాం వీధులలోకీ నీరు వచ్చింది.

1986లో యీ పనికి మనకు సొంత ఉపగ్రహం లేదు. ఐ.ఆర్.ఎస్. 1-ఎ ఎగిరింది 1988 మార్చి 17న. అదైనా సూర్యుని వెలుగులో బొమ్మ తీసేదే. వరద రోజులలో గోదావరి మీద సూర్యుడెక్కడ? మబ్బు విడిచేసరికి నీరు తీస్తుంది. ఆ చిక్కు తీర్చినది రాడారు. 2012లో రిశాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.-04 శ్రీహరికోట నుంచి వెళ్ళినవి. ఐరోపావారి సెంటినెల్-1 కూడా యీ తరహాదే. వీటి సూక్ష్మతరంగాల పొడుగు సుమారు ఐదున్నర సెంటీమీటర్లు. మబ్బులోని నీటితుంపర వాటిని ఆపలేదు. పగలూ రాత్రీ ఒకటే.

రాడారు నీటిని గుర్తుపట్టే తీరు ముచ్చటగా వుంటుంది. అద్దం మీద ఏటవాలుగా టార్చిలైటు వేయండి. వెలుగు అవతలి గోడ మీద పడుతుందే గాని మన వైపుకు రాదు. నిలకడగా వున్న నీరూ అంతే. తరంగాన్ని అవతలికి జార్చివేస్తుంది. అందుచేత బొమ్మలో నీరు నల్లగా, గరుకు నేల బూడిదరంగులో కనబడతవి. వరదకు ముందటి బొమ్మను పక్కన పెట్టి, కొత్తగా నల్లబడిన చోటును మునకగా గుర్తిస్తారు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఇటువంటి మ్యాపులు తయారుచేసి ప్రభుత్వాలకు అందజేస్తుంది.

ఇక చిక్కులు. జులై, ఆగస్టులలో డెల్టా అంతటా నాట్ల కాలం. దమ్ము చేసిన చేలో నీరు కట్టి వుంటుంది. రాడారుకు అదీ నలుపే, మునిగిన చేనూ నలుపే! ముందటి బొమ్మ నాట్లకు పూర్వం తీసినదైతే, వరద తాకని చేను కూడా మునిగినట్లు లెక్కకు రావచ్చును. కొబ్బరితోటలలో ఇందుకు విరుద్ధం. ఆకుల గుబురు తరంగాన్ని పైనే తిప్పికొడుతుంది. క్రింద మోకాటిలోతు నీరున్నా నలుపు కనబడదు. కోనసీమ అంటేనే కొబ్బరితోట గదా! ఇళ్ళ మధ్య నీరు మరీ మోసగిస్తుంది: నీటి మీద జారిన తరంగం గోడకు తగిలి ఉపగ్రహానికే తిరిగిపోయి, ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. గట్టిగా గాలి వీచి నీరు అలలు రేగితే అదీ నేలలాగే కనబడుతుంది. అన్నిటికీ మించి, మ్యాపు నీటి విస్తీర్ణం చెబుతుంది గాని లోతు చెప్పదు.

ముందు హెచ్చరికకు యీ నల్లమచ్చలు పనికిరావు. దానికి భద్రాచలం, ధవళేశ్వరం వద్ద నీటిమట్టం కొలిచే మనుషులే ఆధారం. మరి మ్యాపుతో ఉపయోగమేమి? ఏ లంకకు పడవ పంపవలెనో తెలుస్తుంది. అంతకన్నా నాకు విలువైనదిగా తోచేది మరొకటి: నీరు ఎన్నాళ్ళు నిలిచిందనే సాక్ష్యం. వరి రెండు మూడు రోజులు మునిగినా తేరుకోవచ్చు. పది రోజులు నిలిస్తే సాధారణంగా మొదలే కుళ్ళిపోతుంది. ఏరు తగ్గినా, మురుగుకాలవ సముద్రంలోకి దిగని పల్లంలో నీరు అలాగే వుంటుంది. వరుసగా తీసిన బొమ్మలుంటే కౌలురైతు నష్టానికి అవి రుజువు. అయితే ఒకే ఉపగ్రహం చాలదు. అది అదే దారిన మళ్ళీ వచ్చేసరికి రోజులు గడుస్తవి. అందుకే 2000లో మొదలైన అంతర్జాతీయ ఒడంబడిక క్రింద, పెద్ద విపత్తులలో దేశాలు తమ బొమ్మలను ఇచ్చిపుచ్చుకొంటున్నవి.

భువన్ అనే ప్రభుత్వ మ్యాపులు ఎవరైనా చూడవచ్చును. మీ ఊరు నల్లగా లేదని నిశ్చింతగా వుండకండి. కొబ్బరిచెట్ల క్రింద ఏమున్నదో పిన్నికి ఫోను చేసి అడగండి.