హతుని యొద్దనుండి కొలవడం: వరుస హంతకుల పట్ల జనాకర్షణ – ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతం

2022 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ సంస్థ జెఫ్రీ డామర్ అనే అమెరికా హంతకుని జీవితం ఆధారంగా ఒక ధారావాహికను విడుదల చేసింది. 1978 నుండి 1991 వరకు పదిహేడు మంది యువకులను, బాలురను చంపినవాడు ఇతడు. ఆ ధారావాహికను అనేక దేశాల్లో జనం విరగబడి చూశారు. అదే సంవత్సరం అక్టోబరులో డామర్ వేషం వేసుకోవడానికి దుస్తులు అమ్మకానికి రాగా, ఈబే సంస్థ వాటిని నిషేధించవలసి వచ్చింది. హతుల కుటుంబీకులు కొందరు మాత్రం, తమను ఒక్క మాట అడగకుండా తమ దుఃఖాన్ని మళ్లీ తెర మీదికి తెచ్చారని బహిరంగంగా బాధపడ్డారు.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అని పక్కన పెట్టే వీలు లేదు. ఆ ధారావాహిక మన యువజనుల సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చింది. సీరియల్ కిల్లర్ల కథలు తెలుగు తెర మీద ఒక ప్రత్యేక శాఖగానే స్థిరపడ్డాయి. డామర్ పేరు విన్న మనలో ఎంతమందికి ఆ పదిహేడు మందిలో ఒక్కరి పేరైనా తెలుసు? ఈ వ్యాసం కొరకు చదవడం మొదలుపెట్టే వరకు మాకూ తెలియదని ఒప్పుకుంటున్నాము.

ఈ ఆకర్షణ ఎక్కడనుండి వస్తున్నది? అది మన కంటికి దేనిని కనబడకుండా చేస్తున్నది? సంఘకాపరి దీనిని గురించి ఎలా మాట్లాడాలి? ఈ మూడు ప్రశ్నలను వాక్యపు వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. హంతకునికి పేరు పెట్టినదెవరు?

ఒకే వ్యక్తి వేర్వేరు సందర్భాల్లో ఇద్దరిని లేక అంతకంటే ఎక్కువమందిని చంపితే అతనిని వరుస హంతకుడని అనవచ్చునని, 2005లో ఎఫ్.బి.ఐ. ఏర్పాటు చేసిన నిపుణుల సదస్సు నిర్వచించింది. ఈ మాట పోలీసు పరిభాషలో పుట్టినది. అయితే జనాకర్షణ అంతకుముందే ఉన్నది, దానిని పెంచినది పత్రికలు.

1888 ఆగస్టు 31 నుండి నవంబరు 9 వరకు లండన్ నగరంలోని వైట్‌చాపెల్ ప్రాంతంలో ఐదుగురు పేద స్త్రీలు హత్యకు గురయ్యారు. హంతకుడు నేటికీ ఎవరో తేలలేదు. అయినా 'జాక్ ది రిప్పర్' అనే పేరు లోకమంతటికీ తెలుసు. ఆ పేరు, హంతకుడే వ్రాసినట్లుగా ఒక వార్తాసంస్థకు చేరిన ఉత్తరంలో మొదట కనబడింది. ఆ ఉత్తరం ఒక పాత్రికేయుని కల్పన అయి ఉండవచ్చునని అప్పటి పోలీసు అధికారులే భావించారు. మనిషి దొరకకపోయినా అతనికి బిరుదు దొరికింది, పత్రికలు అమ్ముడుపోయాయి.

చనిపోయిన ఆ స్త్రీలు మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, క్యాథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఈ ఐదుగురి జీవితాల మీద హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి గ్రంథం వ్రాసేసరికి 2019 వచ్చింది. ఐదుగురూ వేశ్యలేనని అంతవరకు అందరూ నమ్మారు. వారిలో ముగ్గురి విషయంలో అందుకు ఆధారమే లేదని ఆమె వాదించింది. అంటే నూట ముప్పై ఏళ్లపాటు లోకం హంతకుని వేలిముద్రల కోసం వెదకిందే గాని, హతులను గురించి విన్న మాట నిజమా అని అడగలేదు.

పరిశుద్ధ గ్రంథంలో ఈ ధోరణి ఆదికాండము 4లోనే కనబడుతున్నది. ప్రతీకారహత్య జరగకుండా దేవుడు కయీనుకు ఒక గురుతు వేశాడు (4:15). కొన్ని తరాలు గడిచేసరికి లెమెకు, తాను చేసిన హత్యను పద్యంగా కట్టి తన భార్యల ముందు గొప్పలు చెప్పుకున్నాడు (4:23-24). దేవుడు కనికరంతో ఇచ్చిన మాట అతని నోట అతిశయంగా మారింది. హత్యను వినసొంపైన కథగా మార్చే అలవాటు అంత పాతది.

2. నేత్రాశ, భయం

అపొస్తలుడైన యోహాను చెప్పిన నేత్రాశను (1 యోహాను 2:16) అగస్టీను 'ఒప్పుకోలు' అనే గ్రంథంలో లోతుగా వివరించాడు. అందమైన దానిని చూడగోరడం మనకు అర్థమవుతుంది. అయితే ఛిద్రమైన శవం పడి ఉన్నదంటే, చూస్తే బాధ కలుగుతుందని తెలిసినా జనం పరుగెత్తి వెళ్తారని అతడు పదవ పుస్తకంలో గమనించాడు. ఆ ఆశకు ఆనందం అక్కరలేదు, చూడడమే చాలు.

ఆరవ పుస్తకంలో తన మిత్రుడు అలీపియుస్ అనుభవం చెబుతాడు. రోము నగరంలో స్నేహితులు అలీపియుస్‌ను బలవంతంగా ఖడ్గవీరుల పోటీలకు తీసుకుపోయారు. తాను చూడబోనని అతడు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. జనసమూహం ఒక్కసారిగా కేక వేసింది. ఆసక్తి ఆపుకోలేక కళ్లు తెరిచాడు. ఆ తరువాత అతడే ఇతరులను వెంటబెట్టుకొని వెళ్లేవాడయ్యాడు. జయించగలనన్న ధైర్యం అతనికి ఉన్నది గాని, ఆ ధైర్యం తనమీద తనకున్న నమ్మకమే గాని దేవుని మీద కాదని అగస్టీను అభిప్రాయం. ఇదే అలీపియుస్ తరువాత తగస్తె పట్టణపు బిషపు అయ్యాడు.

అయితే చూసే ప్రతివారినీ నేత్రాశ కింద లెక్కవేయడం న్యాయం కాదు. అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, నిజమైన నేరాల పుస్తకాలను పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా ఎంచుకుంటున్నారని, దాడినుండి తప్పించుకునే ఉపాయాలు ఉన్న పుస్తకాల పట్ల వారికి మరింత ఆసక్తి ఉన్నదని తేలింది. రాత్రి డ్యూటీ ముగించుకొని ఒంటరిగా ఆటో ఎక్కే సహోదరి ఇటువంటి కథ చూస్తున్నదంటే, ఆమె వెదకుతున్నది వినోదం కాకపోవచ్చు, జాగ్రత్త కావచ్చు. కాబట్టి కాపరి ముందుగా గద్దించక, 'అమ్మా, నీకు భయం ఎక్కడ కలుగుతున్నది?' అని అడగాలి.

3. మేధావి అనే అబద్ధం

కల్పిత కథల్లోని వరుస హంతకుడు చాలాసార్లు అసాధారణ మేధావి. థామస్ హారిస్ సృష్టించిన హానిబల్ లెక్టర్ పండితుడు, వైద్యుడు, సంగీతరసికుడు. 1991లో వచ్చిన 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' చిత్రం ఐదు ప్రధాన ఆస్కార్ బహుమతులు పొందింది. పోలీసులకంటె పది అడుగులు ముందుండే హంతకుని చూసి ప్రేక్షకుడు భయపడుతూనే మెచ్చుకుంటాడు.

సరిగా అదే సంవత్సరం మిల్వాకీ నగరంలో జరిగినది వేరు. 1991 మే నెలలో మత్తుమందు ప్రభావంలో ఉన్న పద్నాలుగేళ్ల బాలుడొకడు డామర్ ఇంటినుండి తప్పించుకొని వీధిలోకి వచ్చాడు. అతడు లావోస్ దేశంనుండి వలస వచ్చిన కుటుంబపు బిడ్డ. ఆ వీధిలోని నల్లజాతి స్త్రీలు అతనిని చూసి పోలీసులను పిలిచారు. పోలీసులు వచ్చి, ఆ స్త్రీల మాట లెక్కచేయక, తెల్లజాతివాడైన డామర్ చెప్పిన కట్టుకథను నమ్మి, బాలుని తిరిగి అతనికే అప్పగించారు. డామర్ అంతకుముందే ఆ బాలుని అన్నపై చేసిన లైంగిక నేరానికి శిక్ష పొంది, పర్యవేక్షణ మీద బయట ఉన్నాడు. పోలీసులు అతని పేరు విచారించి ఉంటే ఆ సంగతి బయటపడేది. బాలుడు ఆ రాత్రే చనిపోయాడు. జూలైలో డామర్ పట్టుబడేలోపు మరి నలుగురు చనిపోయారు.

డామర్ మేధావి కాడు, చాక్లెట్ కర్మాగారంలో పనివాడు. అతనిని ఇన్నేళ్లు కాపాడినది అతని తెలివి కాదు. అతడు చంపినవారిలో ఎక్కువమంది పేదలు, నల్లజాతివారు, సమాజం లెక్కచేయనివారు. మేధావి హంతకుని కథ మనకు హాయిగా ఉండడానికి ఒక కారణం ఇక్కడే ఉన్నది. తప్పంతా ఆ అసాధారణ వ్యక్తిదైతే, ఆ బాలుని తిరిగి అప్పగించిన చేతులను గురించి, అటువంటి మన చేతులను గురించి అడగనక్కరలేదు.

4. హతుని యొద్దనుండి కొలవడం

ఈ చోట ద్వితీయోపదేశకాండము 21:1-9 మనకు దారి చూపిస్తున్నది. పొలంలో ఒకడు చంపబడి పడి ఉన్నాడు, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి, శవమున్న చోటునుండి చుట్టుపక్కల ఊళ్ల దూరం కొలవాలి. దగ్గరగా ఉన్న ఊరి పెద్దలు, కాడి మోయని పెయ్యను ఏటి లోయకు తీసుకుపోయి, దానిమీద చేతులు కడుగుకొని, ఈ రక్తం మా చేతులు చిందించలేదని చెప్పి, ప్రజల కొరకు ప్రాయశ్చిత్తం వేడుకోవాలి.

ఇక్కడ హంతకుని మనస్సును గురించి ఒక్క మాట లేదు. కొలత హతుని యొద్దనుండి మొదలై ఊరి దగ్గర ఆగుతుంది. చంపనివారు కూడా వచ్చి నిలబడాలి. ఎందుకు? యూదుల మిష్నా గ్రంథం సోటా భాగంలో (9:6) ఇదే ప్రశ్న అడిగి జవాబిచ్చింది. పెద్దలే చంపారని ఎవరు అనుకుంటారు? వారి మాటకు భావమేమంటే, ఆ మనిషి మా యొద్దకు వస్తే అన్నం పెట్టకుండా పంపలేదు, దారిలో తోడు లేకుండా వదిలిపెట్టలేదు అని.

ఈ కొలతను మన దగ్గరకు తెచ్చి చూద్దాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో పాడుబడిన బావుల్లో బాలికల శవాలు బయటపడ్డాయి. ముగ్గురు బాలికలను చంపినవాడు ఒకడేనని తేల్చి, 2020 ఫిబ్రవరిలో నల్గొండలోని ప్రత్యేక న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది. వార్తలన్నీ ఆ యువకుని స్వభావం చుట్టూ తిరిగాయి. అయితే ఆ ఊరివారు ఎత్తి చూపిన సంగతి మరొకటి ఉన్నది. ఊరికి సరైన బస్సు లేదు. బడినుండి వచ్చే పిల్లలు నడవాలి, లేదా దారిన పోయే బండిని లిఫ్టు అడగాలి. అదే సంవత్సరం ఆగస్టులో, బడిపిల్లలను చంపే వరుస హంతకుని కథతో 'రాక్షసుడు' అనే తెలుగు చిత్రం విడుదలై ఆదరణ పొందింది. అది 2018 నాటి తమిళ చిత్రానికి అనువాదరూపం గనుక హాజీపూర్‌తో దానికి సంబంధం లేదు, దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే 'రాక్షసుడు' అన్న మాట దగ్గర మన ఆలోచన ఆగిపోతే, బస్సు మాట ఎవరికీ గుర్తుండదు. దారిలో తోడు లేకుండా పంపలేదని ఏ ఊరి పెద్దలు చేతులు కడుగుకోగలరు?

5. వేదిక మీది సాక్ష్యం

ఈ ఆకర్షణకు సంఘం అతీతం కాదు. టెడ్ బండీ ముప్పై హత్యలు ఒప్పుకున్నవాడు. 1989 జనవరి 24న అతనికి మరణశిక్ష అమలు జరిగింది. ముందురోజు జేమ్స్ డాబ్సన్ అనే క్రైస్తవ మనస్తత్వవేత్త అతనితో సంభాషించాడు. తన పతనానికి అశ్లీల సాహిత్యమే కారణమని బండీ చెప్పిన ఆ వీడియో క్రైస్తవులలో విస్తృతంగా ప్రచారమైంది. అశ్లీలత హానికరమనడంలో సందేహం లేదు. అది చెప్పడానికి, ఏళ్ల తరబడి అబద్ధమాడిన హంతకుని నోరే మనకు కావలసి వచ్చిందా? మన ఉజ్జీవ కూడికల్లో కూడా, ఎంత ఘోరమైన గతముంటే అంత గొప్ప సాక్ష్యమనే లెక్క లేదా?

అయినా కృపను కుదించడానికి మనకు అధికారం లేదు. 1992 ఫిబ్రవరిలో శిక్ష విధించే రోజున డామర్, పాపులలో ప్రధానుడనని పౌలు చెప్పిన మాటను (1 తిమోతి 1:15) న్యాయస్థానంలో చదివాడు. 1994 మే 10న చెరసాలలో రాయ్ రాట్‌క్లిఫ్ అనే పరిచారకుడు అతనికి బాప్తిస్మమిచ్చి, వారం వారం వెళ్లి వాక్యం చెప్పాడు. నవంబరు 28న తోటి ఖైదీ చేతిలో డామర్ హతుడయ్యాడు. ఆ మారుమనస్సును చాలామంది నమ్మలేదు. సిలువమీది నేరస్థుని చేర్చుకున్న ప్రభువు యొద్ద మనం ద్వారపాలకులం కాము. రాట్‌క్లిఫ్ చేసిన పరిచర్య సరియైనదేనని మా అభిప్రాయం.

అయితే డామర్ చదివిన మాటను వ్రాసిన పౌలే మరొక మాట కూడా చెప్పాడు. అపొస్తలుల కార్యములు 22:20లో తన గతాన్ని తెలియజేస్తూ, అతడు స్తెఫనును పేరు పెట్టి తలచుకున్నాడు. అతడు ప్రభువునకు సాక్షియని, అతని రక్తం చిందినప్పుడు తాను దగ్గర నిలిచి సమ్మతించానని ఒప్పుకున్నాడు. క్షమించబడిన పౌలు సాక్ష్యంలో హతునికి పేరు ఉన్నది, గౌరవం ఉన్నది. డామర్‌కు శిక్ష పడిన ఆ న్యాయస్థానంలోనే హతుల తల్లులు, అక్కచెల్లెళ్లు లేచి నిలబడి తమ వారిని గురించి మాట్లాడారు. అతని బాప్తిస్మాన్ని ప్రసంగాల్లో ఉదాహరించే మనం వారి మాటలను కూడా ఎప్పుడైనా చెప్పామా?

ముగింపు

పైన చూచినదానినిబట్టి కాపరులకు, వేదాంత విద్యార్థులకు కొన్ని సూచనలు చేస్తున్నాము. ప్రసంగంలో హత్యను ఉదాహరించవలసి వస్తే, చేసిన విధానం వర్ణించవద్దు. చనిపోయినవారి కుటుంబీకులు ముందు వరుసలో కూర్చొని ఉన్నారని తలంచి మాట్లాడాలి. గతంలో హింస చేసినవారి సాక్ష్యం వినిపించే ముందు, నష్టపోయినవారి సంగతి ఏమైనదని ఆంతరంగికంగా అడగాలి. జక్కయ్య నోట తిరిగి చెల్లింపు మాట వచ్చింది (లూకా 19:8). యువజనులతో ఈ చిత్రాలను గురించి మాట్లాడేటప్పుడు, నిషేధంతో మొదలుపెట్టక, 'ఈ కథలో చనిపోయినవారి పేర్లు చెప్పగలరా?' అనే ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. చివరిగా, మన సంఘమున్న ఊరిలో ఏ దారి చీకటిగా ఉన్నది, ఏ బిడ్డ ఒంటరిగా నడుస్తున్నది అని సంఘపెద్దలు కూర్చొని లెక్క చూడాలి.

హేబెలు మాట్లాడిన మాట ఒక్కటి కూడా ఆదికాండములో లేదు. అయినా అతని రక్తపు మొర దేవుడు విన్నాడు (4:10), తరువాతనే కయీనుతో తీర్పు మాట పలికాడు. ఆ క్రమంలోనే మనమూ వినడం నేర్చుకోవాలి.