ముప్పై ఐదో వంతు వంతెన

కువైట్‌లో జూన్ మొదలు సెప్టెంబరు వరకు పగటిపూట పిల్లలకు ఇంటి నాలుగు గోడలే ఆటస్థలం. సెలవులకు స్వదేశం వెళ్లని కుటుంబాల్లో ఈ నెలలు గడవడం కష్టం. టీవీ ముందు కూర్చోని పిల్లవాడెవడైనా ఉంటే, వాడు బహుశా భోజనాల బల్ల మీద పాత పత్రిక పరచి ప్లాస్టిక్ ముక్కలకు జిగురు పూస్తూ ఉంటాడు. ఇలా కట్టే నమూనాల్లో యుద్ధవిమానాలకూ ట్యాంకులకూ ఉన్న గిరాకీ వంతెన లారీకి లేదు. దానికి ఫిరంగి లేదు, వేగం లేదు, చూడగానే ఆకట్టుకునే రూపమూ లేదు. అయినా భౌతికశాస్త్రం ఇంతగా నేర్పగల బొమ్మ మరొకటి అరుదు.

వంతెన లారీ అంటే వంతెన సామాను మోసే బండి కాదు. వంతెననే మడిచి వీపున మోసుకువచ్చి, కాలువ ఒడ్డున దించి, పని తీరగానే మళ్లీ ఎత్తుకుపోయే బండి. శాశ్వతమైన వంతెనకు ఏళ్లు పడతాయి. కువైట్ నగరం నుండి సుబియా వైపు సముద్రం మీద సుమారు 36 కిలోమీటర్లు సాగే షేక్ జాబర్ వారధి 2019లో ప్రారంభమయ్యే ముందు ఏళ్ల తరబడి నిర్మాణంలో ఉన్నది. యుద్ధం అంతకాలం ఆగదు. 1983లో కట్టిన బుబియాన్ వంతెన 1991 యుద్ధంలో దెబ్బతిన్నది. అదే యుద్ధంలో ఇరాకీ సేనలు కువైట్ దక్షిణ సరిహద్దు పొడవునా కందకాలు తవ్వి, కొన్నింటిని ముడిచమురుతో నింపాయి. అటువంటి కందకాలు దాటడానికే ట్యాంకు మీద మోసుకెళ్లే కత్తెర వంతెనలు సంకీర్ణ సేనల వెంట వచ్చాయి. ఒక్కొక్కటి సుమారు 18 మీటర్ల ఖాళీని దాటించగలదు. షువైఖ్‌లోని జాతీయ స్మారక ప్రదర్శనశాలలో 1990 ఆగస్టు నాటి ఆక్రమణనూ, 1991 ఫిబ్రవరి నాటి విమోచననూ చిన్న నమూనాల ద్వారానే చూపారు. నమూనా నిర్మాణం కేవలం పిల్లల కాలక్షేపం అనుకునేవారు ఒకసారి దానిని తలచుకోవచ్చు.

భారత సైన్యం వాడే వంతెన లారీ పేరు ‘సర్వత్ర’. పుణె సమీపంలో దిఘీ వద్ద ఉన్న రక్షణ పరిశోధన సంస్థ దీనిని రూపొందించింది. ఎనిమిది చక్రాలూ ఇంజను శక్తితో తిరిగే టాట్రా లారీ వెనుక భాగంలో 15 మీటర్ల అల్యూమినియం వంతెన సగానికి మడిచి ఉంటుంది. లారీ వెనుకకు నడిచి ఒడ్డుకు చేరుతుంది. మడత వంతెన నిలువుగా లేచి, కత్తెర విచ్చుకున్నట్లు తెరచుకొని, నెమ్మదిగా ముందుకు వాలుతుంది. దాని చివర ఎత్తు మార్చుకోగల కాళ్లు ఉంటాయి. అవి కాలువ అడుగున నిలిచిన తరువాత రెండో లారీ మొదటి వంతెన మీదుగానే వెనుకకు నడిచి తన భాగాన్ని వేస్తుంది. ఇలా ఐదు లారీలు కలిసి 75 మీటర్ల బాట పరుస్తాయి. బాట వెడల్పు 4 మీటర్లు.

దీనిని బల్ల మీదికి తేవాలంటే ముందుగా స్కేలు నిర్ణయించాలి. సైనిక వాహనాలకు 1:35 వాడుకలో ఉన్నది. ఈ అంకె వెనుక శాస్త్రమేమీ లేదు. 1960ల తొలినాళ్లలో జపానుకు చెందిన టామియా సంస్థ మోటారుతో నడిచే ట్యాంకు బొమ్మను బ్యాటరీలు పట్టేటంత కొలతలో చేసింది. ఆ కొలత దాదాపు ముప్పై ఐదో వంతు కావడంతో అదే ఆచారమైపోయింది. ఈ లెక్కన 15 మీటర్ల వంతెన 43 సెంటీమీటర్లకు దిగుతుంది, మడిస్తే 21.5. నాలుగు మీటర్ల బాట 11.4 సెంటీమీటర్లు. ఐదు భాగాలూ కట్టదలచిన ఉత్సాహవంతుడు 2 మీటర్ల 14 సెంటీమీటర్ల స్థలం ఎక్కడున్నదో ఇంట్లోవారిని ముందే అడగడం మంచిది. తయారు కిట్ దొరకనప్పుడు పాలీస్టైరీన్ రేకులు కోసి స్వయంగా కట్టవలసి ఉంటుంది. ఇక్కడొక చిక్కు ఉన్నది. అసలు వాహనంలో 6 మిల్లీమీటర్ల రేకు నమూనాలో 0.17 మిల్లీమీటర్లు కావాలి. పావు మిల్లీమీటరు కంటే పలుచని ప్లాస్టిక్ వంకర పోతుంది. కనుక నిపుణులు రేకు మొత్తాన్ని పలుచన చేయరు, కంటికి కనిపించే అంచును మాత్రమే ఆకురాయితో అరగదీస్తారు.

ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన గదిలో ఈ జిగురు ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదని కూడా చెప్పవలసి ఉన్నది. ఆ కాసేపు ఒక కిటికీ తెరవాలి. కత్తి పని పెద్దల ఎదుట జరగాలి.

అసలు పాఠం బరువు దగ్గర మొదలవుతుంది. పొడవు 35వ వంతైతే వైశాల్యం 1,225వ వంతు, ఘనపరిమాణం 42,875వ వంతు అవుతుంది. వంతెనతో కలిపి 30 టన్నులు తూగే లారీని అవే లోహాలతో ఈ స్కేలులో చేస్తే దాని బరువు కేవలం 700 గ్రాములు. ప్లాస్టిక్ నమూనా అంతకూడా తూగదు. కాబట్టి బరువు వల్ల అసలు వాహనానికి కలిగే మార్పులేవీ నమూనాకు వాటంతట అవి రావు. వాటిని కట్టేవాడు చూచి, తెలుసుకొని, చేత్తో తేవాలి.

టాట్రా లారీ చక్రాలు ఇందుకు చక్కని ఉదాహరణ. మామూలు లారీకి రెండు పొడవాటి దూలాల చట్రం, చక్రాలను అడ్డంగా కలిపే ఇరుసు ఉంటాయి. టాట్రాకు మధ్యలో వెన్నెముక వంటి ఒకే గొట్టం ఉంటుంది. దాని నుండి ప్రతి చక్రానికీ విడివిడిగా ఊగే అర ఇరుసు బయలుదేరుతుంది. 1923లో ఆ సంస్థ కార్లలో వచ్చిన ఏర్పాటు ఇది. స్ప్రింగు పట్టీల మీద నడిచే రకాల్లో, బండి ఖాళీగా ఉన్నప్పుడు అర ఇరుసులు కిందికి వాలి చక్రాల అడుగుభాగాలు లోపలికి ముడుచుకుంటాయి. పూర్తి బరువు ఎక్కగానే చక్రాలు నిటారుగా నిలుస్తాయి. కనుక వంతెన వీపున ఉన్న నమూనాకు చక్రాలు నిటారుగా ఉండాలి, వంతెన దించివేసిన నమూనాకు లోపలికి వాలి ఉండాలి. ఖాళీ లారీ ఫొటో చూచి చక్రాలు అతికించి, పైన వంతెన పెట్టినవారు చాలామంది ఉంటారు. తెలిసినవారి కంటికి ఆ లారీ మోస్తున్నది అట్టముక్కలాగే కనిపిస్తుంది. జిగురు పూయకముందే ఏ క్షణాన్ని చూపదలచిందీ నిర్ణయించుకోవాలి.

తూకం విషయంలో మాత్రం నమూనా అబద్ధం చెప్పదు. వంతెన వెనుకకు లేచి వాలేటప్పుడు లారీ ముందుచక్రాలు గాలిలోకి లేస్తాయా అన్నది వంతెన భ్రామకానికీ లారీ భ్రామకానికీ మధ్య పోటీ. స్కేలు తగ్గినప్పుడు రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. అందువల్ల బరువుల పంపకం సరిగా ఉంటే, అసలు లారీ ఏ కోణం వద్ద తూలుతుందో నమూనా కూడా అక్కడే తూలుతుంది. అయితే ప్లాస్టిక్ లారీకి ఇంజను ఉండదు, ముందుభాగం డొల్ల. అందులో నాలుగు ఇనుప నట్లు దాచిపెట్టి, వెనుక ఊతకాళ్లు దించి చూపితే, ఆ కాళ్లు ఎందుకున్నాయో పదేళ్ల పిల్లవాడికి కూడా వేరే వివరణ అక్కరలేదు.

బలం సంగతి వేరు. ఇక్కడే నమూనా ఎక్కువగా మోసగిస్తుంది. దూలం బలం దాని అడ్డుకోతను బట్టి ఉంటుంది. చిన్నదైనకొద్దీ బరువు బలం కంటే వేగంగా తగ్గుతుంది గనుక చిన్న వస్తువు ఎప్పుడూ తన పరిమాణానికి మించిన బలశాలి. గెలీలియో 1638లో ఎముకల ఉదాహరణతో చెప్పింది ఇదే. 60 టన్నుల ట్యాంకు బొమ్మ, స్కేలు ప్రకారం తూగితే, 1.4 కిలోలు. దానిని వంతెన బొమ్మ సులభంగా మోస్తుంది. ఆ సంతోషానికి అర్థం లేదు. అదే లోహంతో అదే ఆకారంలో చేసిన నమూనాలో, ట్యాంకు ఎక్కినప్పుడు అసలు వంతెనలో పుట్టేటంత ప్రతిబలం పుట్టాలంటే దాని మీద 49 కిలోలు పెట్టాలి. అంటే ట్యాంకు బొమ్మకు బదులు మధ్యతరగతి పిల్లవాడు ఒకడు నిలబడాలి! నమూనాలతో పరీక్షలు చేసే ఇంజనీర్లు ఈ లెక్క వేసుకున్న తరువాతనే బరువులు ఎక్కిస్తారు.

అలా అని వంతెన బొమ్మల సరదాను తక్కువ చేయరాదు. బ్రిటిష్ యుద్ధశాఖ ఉద్యోగి డొనాల్డ్ బెయిలీకి తీరిక వేళల్లో నమూనా వంతెనలు చేసే అలవాటు ఉండేది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన రూపొందించిన వంతెనలో ఒక్కొక్క చట్రం పది అడుగుల పొడవు, సుమారు 260 కిలోల బరువు. ఆరుగురు మనుషులు ఎత్తి, క్రేను అవసరం లేకుండా బిగించవచ్చు. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి చూరల్‌మల వద్ద వంతెన కొట్టుకుపోయినప్పుడు, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సైనికులు 190 అడుగుల బెయిలీ వంతెనను ఆగస్టు 1 నాటికి నిలబెట్టారు. దక్షిణాది యువకులు, వారిలో తెలుగువారు, పనిచేసే దళం అది. సహాయ సామగ్రి, యంత్రాలు ఆవలి ఒడ్డుకు చేరింది దాని మీదుగానే. కువైట్‌లోని ఎన్నో మలయాళీ ఇళ్లలో ఆ దృశ్యాన్ని ఊపిరి బిగబట్టి చూశారు.

ఇక చివరి పని రంగు, దుమ్ము. రంగు పలుచగా, రెండు మూడు పూతలుగా వేయాలి. పొడి గాలిలో అది త్వరగా ఆరుతుంది కనుక కుంచె గీతలు మిగిలే ప్రమాదం ఉన్నది. ఎడారి వాతావరణం కోసం చాలామంది బయటి ఇసుక తెచ్చి చల్లుతారు. ఇక్కడ కూడా స్కేలు అడ్డువస్తుంది. 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు ఈ లోకంలో 7 మిల్లీమీటర్ల గులకరాయి. లారీ కంకర గుట్ట మీద నిలిచినట్లుంటుంది. దుమ్ము తుఫాను వెలిసిన మరునాడు కిటికీ గూట్లో పేరుకునే మెత్తని పొడి మాత్రం 0.02 మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉంటుంది. 35 రెట్లు చేస్తే అది సరిగ్గా ఇసుక. గృహిణులు ఏళ్ల తరబడి విసుగుతో తుడిచి పారవేస్తున్న ఆ ధూళిని ఒక చిన్న సీసాలో ఎత్తిపెట్టి, మెత్తని కుంచెతో చక్రాల మీద, మడతబందుల సందుల్లో, వంతెన బాట అంచున అద్దాలి. టైర్ల పైభాగాన కొంచెం, నేలను తాకే చోట ఎక్కువ.