సముద్రం లేకపోతేనేం.. ఎల్లారెడ్డి పక్కనే పోచారం, నిజాంసాగర్! వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

వైజాగ్ బీచ్ చూడాలంటే కామారెడ్డి వాళ్లు రాత్రంతా రైల్లో ప్రయాణించాలి. చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే అది అయ్యే పని కాదు. అందుకే వానలు ముదరగానే కామారెడ్డి, ఎల్లారెడ్డి జనం పోచారం, నిజాంసాగర్ బాట పడతారు. అయితే ఈ రెండు ప్రాజెక్టులూ ఒకేలా ఉండవు. ఎప్పుడు దేనికి వెళ్లాలో తెలిస్తేనే ప్రయాణం వృథా కాదు.

ముందు పోచారం. మెదక్-ఎల్లారెడ్డి రూట్‌లో, నాగిరెడ్డిపేట మండలంలో ఉంటుంది. ఆలేరు వాగుపై నిజాం హయాంలో కట్టిన ఈ ప్రాజెక్టు 1922లో పూర్తయింది. నిండితే నీళ్లు మత్తడి మీదుగా వాటంతట అవే దుంకుతాయి. జనం వచ్చేది ఆ దృశ్యం కోసమే. కాబట్టి బయల్దేరే ముందు ఎల్లారెడ్డిలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి 'మత్తడి దుంకుతోందా?' అని అడిగితే చాలు. పక్కనే పోచారం అభయారణ్యం ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి ఇది. పిల్లలతో వెళ్తే జింకల కేంద్రం దగ్గర కాసేపు ఆగొచ్చు. చలికాలంలో వలస పక్షులు కూడా వస్తాయి.

ఇక నిజాంసాగర్ కథ వేరు. మంజీరపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టారు. పూర్తి స్థాయి నీటిమట్టం 1,405 అడుగులు. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టే ప్రాజెక్టు, పూడిక పేరుకుని ఇప్పుడు 17.8 టీఎంసీలకు తగ్గింది. పైన సింగూరు నిండి నీళ్లు వదిలితే తప్ప ఇక్కడ గేట్లు ఎత్తే పరిస్థితి చాలాసార్లు ఉండదు. ఊళ్లో వాన దంచింది కదా అని బయల్దేరొద్దు, సింగూరు వార్త చూసుకుని కదలండి. గేట్లు ఎత్తకపోయినా కట్ట మీద సాయంత్రం గాలి, వేడి వేడి చేపల ఫ్రై ఎక్కడికీ పోవు!

అసలు జాగ్రత్త పడాల్సింది నీళ్ల దగ్గరే. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలకు పోచారంలోకి డిజైన్‌కు మించిన వరద వచ్చింది. కట్ట పక్కన మట్టి కోతకు గురై కింది ఊళ్లు వణికిపోయాయి. వందేళ్లు దాటిన ప్రాజెక్టు ఎలాగో తట్టుకుంది. అలాంటి ప్రవాహం ముందు సెల్ఫీ కోసం మత్తడి రాళ్ల మీదికి దిగడం ప్రాణాలతో చెలగాటమే. రాళ్లపై పాచి ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నిజాంసాగర్ కింద మంజీరలోకి దిగడమూ అంతే. గేట్లు ఎత్తితే నీరు నిమిషాల్లో పెరుగుతుంది. పోలీసులు ఆపితే వాదించకుండా కట్ట మీదినుంచే చూడండి.

పోచారం నుంచి మెదక్ దగ్గరే. అటు తిరిగి వెళ్లేవాళ్లు పొద్దుండగానే బయల్దేరితే 1924 నాటి మెదక్ చర్చి కూడా చూసుకుని పోవచ్చు.