గుడియాత్తం హెరాల్డు: ముందు స్ప్రింగులు విప్పిన వైనము

గుడియాత్తంలో మా బావగారి ఇంటి వెనుక, మగ్గాల షెడ్డు పక్కన, ఒక స్టాండర్డు హెరాల్డు కారు చాలా ఏండ్లుగా పందిరి క్రింద పడి ఉండేది. మామగారు ముచ్చటపడి కొన్న కారది. వారు పోయిన తరువాత అమ్మడానికి అత్తగారికి మనసొప్పలేదు. నడపడానికి మాలో ఎవరికీ ధైర్యము చాలలేదు. చివరకు మేమూ బావగారూ కలిసి దానిని లారీకెక్కించి, పళ్లికొండ మీదుగా వేలూరు తెచ్చి, మాకు తెలిసిన ఒక ముసలి మేస్త్రి షెడ్డులో దింపాము.

హెరాల్డు స్పోర్ట్సు కారు ఎట్లా అవుతుందని పాఠకులు అడుగవచ్చును. కాదు, నిజమే. అయితే దాని ముందు చక్రాల అమరిక మాత్రము అచ్చముగా స్పోర్ట్సు కారుదే. ఇటలీ దేశస్థుడు మికెలొట్టి రూపు దిద్దిన ఈ బండి 1959లో ఇంగ్లండులో వెలువడింది. మన మద్రాసులో స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు వారు 1961లో తయారీ మొదలుపెట్టారు. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైరు అనే చిన్న స్పోర్ట్సు కారుకు ఈ ముందు అమరికనే వాడుకొన్నారు. దీనివల్ల మనకొక మేలు జరిగింది. హెరాల్డు సామాను ఇక్కడి అంగళ్లలో దొరకకపోయినా, స్పిట్‌ఫైరు పేరుతో ఆ దేశములో ఇప్పటికీ తయారవుతూనే ఉన్నది. మోడలు, సంవత్సరము సరిచూచుకొని తెప్పించుకోవలె, అంతే.

ఈ బండిలో ముందు చక్రాల దగ్గర పని చేయడము ఒక సుఖము. బానెట్టూ, రెండు మడ్‌గార్డులూ ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. చక్రము మీది పనికి నిలబడే చేయి పెట్టవచ్చును. ఛాసీ క్రింద గట్టి స్టాండ్లు పెట్టి (ఒక్క జాకీని నమ్ముకొని బండి క్రిందికి దూరరాదు), చక్రాలు ఊడదీసి, బ్రేకు గొట్టమూ స్టీరింగు కడ్డీ కొసా విడదీశాము. బోల్టులన్నీ తుప్పుతో బుష్షులలో బిగిసి కూర్చున్నవి. కిరసనాయిలు పోసి ఒక రాత్రంతా నాననిచ్చాము. మరునాడు కొన్ని కదిలినవి. కొన్నిటిని రంపముతో కోయక తప్పలేదు.

అసలు గండము ఇక్కడే వచ్చింది. హెరాల్డులో స్ప్రింగు షాక్ అబ్జార్బరు చుట్టూ చుట్టుకొని ఉంటుంది. పైన మూడు చిన్న నట్లు, వాటి నడుమ ఒక పెద్ద నట్టు కనబడతాయి. పెద్దది విప్పితే అంతా ఊడి వస్తుంది గదా అని బావగారు దానికి స్పానరు తగిలించారు. అవతల టీ త్రాగుతున్న మేస్త్రి గ్లాసు క్రింద పడవేసి పరుగెత్తుకొని వచ్చాడు. “అయ్యా, దాన్ని ముట్టవద్దండీ! ముఖం మీదికొస్తుంది!” అన్నాడు.

చక్రము గాలిలో వ్రేలాడుతున్నంత మాత్రాన స్ప్రింగు బలము పోదు. అదిమి ఉన్న స్ప్రింగును ఆ నడిమి నట్టొక్కటే పట్టి ఉంచుతుంది. కాబట్టి చుట్టూ ఉన్న మూడు నట్లు, క్రింద ఒక బోల్టు మాత్రమే తీసి, స్ప్రింగునూ షాక్ అబ్జార్బరునూ ఒకే ముద్దగా బయటికి తేవలె. ఆ పిమ్మట స్ప్రింగును బిగించే పనిముట్టుతో దానిని బాగా అదిమిపట్టి, అప్పుడు నడిమి నట్టు విప్పవలె. బావగారు ఆ పూట మరి స్పానరు పట్టలేదు. మేమూ కొంతసేపు మాట్లాడలేదు.

తరువాత క్రింది భాగము విప్పాము. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ అడుగున మరలు ఉంటాయి. అది ఒక ఇత్తడి దిమ్మలోకి మరలతో దిగి ఉంటుంది; స్టీరింగు త్రిప్పినపుడెల్లా ఆ మరలలోనే తిరుగుతుంది. ఈ దిమ్మను ట్రనియన్ అంటారు. దీనికి వేయవలసినది గ్రీజు కాదు, గేరు నూనె, తొంభై నంబరుది. పూర్వము ఎక్కడో సర్వీసు చేసినవారు గ్రీజు కూరిపెట్టారు. అది లోపల గట్టిపడి, నీరు చేరి, ఉక్కు మరలను తుప్పు తినివేసింది. గుడ్డతో తుడిచి చూస్తే కుడివైపు కడ్డీకి మరల మొదట్లో వెంట్రుకవంటి చీలిక ఉన్నది. అది విరిగితే చక్రము ప్రక్కకు ఒరిగిపోతుంది. మామగారు ఈ కారులోనే పిల్లలనందరినీ కూర్చోబెట్టుకొని గంగమ్మ జాతరకు త్రిప్పేవారు. బావగారు ఆ కడ్డీని చేతిలో పట్టుకొని చాలాసేపు చూచారు.

ఇంకొక మాట. రెండు వైపుల మరలూ ఒకటి కావు. ఒకటి కుడి మర, రెండవది ఎడమ మర. కలగలుపరాదు. కోడి రొమ్ము ఎముకవలె చీలిన క్రింది చేతులను విప్పేటపుడు, బ్రాకెట్టుకూ ఛాసీకీ నడుమ పలుచని రేకులు రాలుతాయి. చక్రము వాలు వాటితోనే కుదురుతుంది. ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నవో ఆ బోల్టుకే దారము కట్టి దాచాము. తిరిగి కూర్చేటపుడు రబ్బరు బుష్షుల బోల్టులను చివరిసారి బిగించడము, బండి నేల మీద తన బరువు మోస్తూ నిలిచినప్పుడే. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరుగుతుంది.

రెండు ప్రక్కలా కొత్త కడ్డీలూ కొత్త దిమ్మలూ వేయించాము. బండి గుడియాత్తం చేరిన నాడు అత్తగారు ముందు సీటులో కూర్చుని వీధి చివరిదాకా వెళ్లివచ్చారు. దిగి, “ఆయన నడిపినప్పుడు ఇంత మెత్తగా ఉండేది కాదు” అన్నారు. బావగారు మాత్రము డిక్కీలో గేరు నూనె డబ్బా ఒకటి పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో “గ్రీజు వద్దు” అని వ్రాసి అంటించారు.