లేచి నిలబడితే సగం గెలిచినట్లే

సభాకంపాన్ని పోగొడుతున్న వక్తృత్వ సంఘాలు.. పది మంది కలిస్తే పల్లెల్లోనూ ఏర్పాటు చేసుకోవచ్చు

గ్రామసభ మొదలవుతుంది. పంచాయతీ కార్యదర్శి ఎజెండా చదివి ‘ఎవరైనా మాట్లాడదలిస్తే మాట్లాడవచ్చు’ అంటారు. ముందు రోజు రాత్రి రచ్చబండ వద్ద తాగునీటి కుళాయిల గురించి గంటసేపు వాదించిన రైతు తల వంచుకుని కూర్చుంటాడు. తీర్మానం అయిపోతుంది. సంతకాలు పూర్తవుతాయి. టెంటు విప్పేస్తారు. ఇంటిదారి పట్టాక అదే రైతు పక్కనున్న వ్యక్తితో ‘అడుగుదామనే అనుకున్నానన్నా, నోరు రాలేదు’ అంటాడు. సభల వార్తల కోసం ఊరూరా తిరిగే విలేకరులకు ఈ దృశ్యం కొత్తది కాదు.

డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి మౌఖిక పరీక్షలో ‘మీ గురించి చెప్పండి’ అన్న తొలి ప్రశ్నకే తడబడతాడు. వార్డు సభ్యురాలిగా గెలిచిన మహిళ సభలో మౌనంగా కూర్చుంటే, ఆమె బదులు భర్త లేచి మాట్లాడతాడు. వీరిలో ఎవరికీ విషయం తెలియక కాదు. తెలిసిన విషయాన్ని నలుగురి ముందు చెప్పే అలవాటు లేకపోవడమే అసలు లోపం. దానివల్ల ఒకరికి ఉద్యోగం, మరొకరికి అధికారం, ఊరికి మంచినీరు దూరమవుతున్నాయి. ఈ అలవాటును నేర్పడమే పనిగా పెట్టుకున్నవి వక్తృత్వ సంఘాలు.

భయం ఎందుకు పుడుతుంది?

పది జతల కళ్లు ఒక్కసారిగా తనవైపు తిరగగానే శరీరం దానిని ప్రమాదంగా భావిస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఊపిరి పైపైనే ఆడటంతో గొంతు వణుకుతుంది. దీనినే మన పెద్దలు సభాకంపం అన్నారు. ఇది పిరికితనం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. అదే పరిస్థితిని మళ్లీ మళ్లీ ఎదుర్కొని, ఏ హానీ జరగలేదని అనుభవపూర్వకంగా తెలుసుకున్నప్పుడు ఈ స్పందన క్రమంగా తగ్గుతుంది. అందుకే ప్రసంగ కళపై పది పుస్తకాలు చదవడం కంటే పదిసార్లు లేచి నిలబడటం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇందుకు మహాత్మాగాంధీ జీవితమే నిదర్శనం. లండన్‌లో చదువుకునే రోజుల్లో శాకాహార సంఘం సమావేశాల్లో ఆయన నోరు విప్పలేకపోయేవారు. బారిస్టరై తిరిగి వచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసులో సాక్షిని ప్రశ్నించేందుకు లేచి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. ఈ సంగతిని ఆయనే తన ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నారు. 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో అక్కడి భారతీయులను ఒకచోట చేర్చి మాట్లాడటం ఆయన తొలి బహిరంగ ప్రసంగమైంది. వ్యాపారంలో సత్యం పాటించడం దాని విషయం. ఆ తరువాత కూడా అలాంటి సమావేశాలు దాదాపు క్రమం తప్పకుండా జరిగాయి. తెలిసిన మనుషులు, మనసుకు దగ్గరైన విషయం, క్రమబద్ధమైన కలయిక.. ఈ మూడూ కుదిరిన చోట ఆయన గొంతు పెగిలింది.

నూరేళ్లు దాటిన సంఘం

వక్తృత్వ సంఘాల్లో ప్రపంచవ్యాప్తంగా పేరొందినది టోస్ట్‌మాస్టర్స్. విందు సభల్లో అతిథులను పరిచయం చేస్తూ, ఎవరి తరువాత ఎవరు మాట్లాడాలో ప్రకటించే వ్యక్తిని పాశ్చాత్య దేశాల్లో టోస్ట్‌మాస్టర్ అంటారు. ఆ పేరునే సంఘానికి పెట్టుకున్నారు. అమెరికాలో వైఎంసీఏ విద్యావిభాగంలో పనిచేసిన రాల్ఫ్ స్మెడ్లీ, అక్కడికి వచ్చే యువకులు నలుగురిలో మాట్లాడలేకపోవడాన్ని, సమావేశం నడపలేకపోవడాన్ని గమనించారు. కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా అనాలో 1924 అక్టోబరు 22న ఆయన చేపట్టిన సమావేశంతో ఈ సంఘం మొదలైంది. 1932లో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. దాదాపు 50 ఏళ్లపాటు పురుషులకే పరిమితమైన సభ్యత్వాన్ని 1973లో మహిళలకూ కల్పించారు. 2024లో శతవసంతాలు పూర్తి చేసుకుంది.

హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో దీని శాఖలు నడుస్తున్నాయి. 18 ఏళ్లు నిండినవారు సభ్యులుగా చేరవచ్చు. చేరకముందు అతిథిగా వెళ్లి సమావేశం చూసే వీలుంటుంది. 2020లో కొవిడ్ వ్యాపించిన నాటి నుంచి పలు శాఖలు ఇంటర్నెట్ ద్వారా కూడా సమావేశమవుతున్నందున, పట్టణాలకు దూరంగా ఉన్నవారికి సైతం దారి తెరుచుకుంది.

సమావేశం ఎలా సాగుతుంది?

ఇక్కడ పాఠం చెప్పే గురువు ఉండడు. సభ్యులే ఒకరికొకరు గురువులు. సమావేశంలో ప్రధానంగా మూడు అంకాలు ఉంటాయి. మొదటిది సిద్ధం చేసుకున్న ప్రసంగం. కొత్త సభ్యుడు తనను తాను పరిచయం చేసుకుంటూ 4 నుంచి 6 నిమిషాలు మాట్లాడటంతో ఆరంభిస్తాడు. తరువాతి ప్రసంగాలు ఎక్కువగా 5 నుంచి 7 నిమిషాల నిడివితో ఉంటాయి. రెండోది అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి, రెండు నిమిషాలు మాట్లాడటం. మౌఖిక పరీక్షకు వెళ్లేవారికి ఇది నేరుగా పనికివస్తుంది. మూడోది మూల్యాంకనం. ప్రసంగాన్ని శ్రద్ధగా విన్న మరో సభ్యుడు లేచి, బాగున్నది ఏమిటో, మెరుగుపరచుకోవలసింది ఏమిటో రెండు, మూడు నిమిషాల్లో చెబుతాడు.

మిగిలినవారికీ తలా ఒక బాధ్యత ఉంటుంది. ఒకరు గడియారం చూస్తారు. 5 నుంచి 7 నిమిషాల ప్రసంగమైతే అయిదో నిమిషంలో ఆకుపచ్చ, ఆరో నిమిషంలో పసుపుపచ్చ, ఏడో నిమిషంలో ఎరుపు రంగు కార్డు చూపుతారు. ఒకరు భాషను గమనిస్తారు. మరొకరు మాటల మధ్య దొర్లే ‘ఆ..’, ‘అంటే’, ‘మరేమో’ వంటి ఊతపదాలను లెక్కిస్తారు. తన ప్రసంగంలో ‘అంటే’ అన్న మాట ఇరవైసార్లు వచ్చిందని తొలిసారి విన్న వ్యక్తి ఆశ్చర్యపోతాడు. మరుసటి సమావేశానికే ఆ సంఖ్య తగ్గుతుంది. ఎవరూ మందలించరు, లెక్క మాత్రమే చెబుతారు. సగం మార్పు ఆ లెక్కతోనే వస్తుంది.

ఎదిగేది నాలుక ఒక్కటే కాదు

మాట్లాడటం నేర్చుకుందామని వచ్చినవారు ముందుగా నేర్చుకునేది వినడం. ఇతరుల ప్రసంగాన్ని మూల్యాంకనం చేయవలసిన వ్యక్తి మధ్యలో పరధ్యానంగా ఉండలేడు. రెండోది విమర్శను స్వీకరించడం. మన ఇళ్లలో, కార్యాలయాల్లో తప్పు చెప్పడమంటే తరచుగా తిట్టడమే. తప్పు చెప్పించుకోవడమంటే అవమానపడటమే. ఇక్కడ మంచిని చెప్పాకే లోపాన్ని చెబుతారు, లోపంతోపాటు దానిని సరిదిద్దుకునే మార్గమూ చూపుతారు. మాటను విమర్శిస్తారు తప్ప మనిషిని విమర్శించరు. ఈ పద్ధతికి అలవాటుపడిన తండ్రి బిడ్డ ప్రోగ్రెస్ కార్డును చూసే తీరు కూడా మారుతుంది.

మూడోది కాలనియమం. ‘రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను’ అంటూ ముప్పావుగంట మైకు వదలని వక్తలు మన సభలకు కొత్తకాదు. ఏడు నిమిషాల్లో ముగించాలన్న నియమం, చెప్పదలచినది ఏమిటో ముందే తేల్చుకోవడం నేర్పుతుంది. నాలుగోది బాధ్యత. ఈ వారం గడియారం చూసిన వ్యక్తి కొన్నాళ్లకు సమావేశాన్నే నడుపుతాడు. నాయకత్వం ఎవరో ఇచ్చేది కాదని, చిన్న పనిని సక్రమంగా చేయడంతో మొదలవుతుందని అప్పటికి అతనికే అర్థమవుతుంది.

మాట కోసం నిలిచిన గడ్డ

నలుగురిలో మాట్లాడటం మనకు పరాయి విద్య కాదు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని కొందరు గేలిచేసి అడ్డుకున్నారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు వంటివారి కృషితో అది ఆంధ్ర మహాసభగా ఎదిగి తెలంగాణ చరిత్రనే మలుపు తిప్పింది. ఒక మనిషి గొంతును నొక్కితే ఒక ఉద్యమమే గొంతెత్తింది.

1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి రాత్రి బడికి చేరిన మహిళలు తమ కష్టాలను ఒకరికొకరు చెప్పుకొన్నారు. ఆ మాటల్లోంచే సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుని రాష్ట్రమంతటా వ్యాపించింది. వారికి ఎవరూ వక్తృత్వ శిక్షణ ఇవ్వలేదు. కలసి కూర్చునే చోటు, భయం లేకుండా మాట్లాడే అవకాశం దొరికాయి, అంతే.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడింట ఒకవంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ వాటా తరువాత సగానికి పెరిగింది. చట్టం కుర్చీని ఇవ్వగలిగింది. ఆ కుర్చీలోంచి మాట్లాడే ధైర్యాన్ని మాత్రం సాధనతోనే సంపాదించుకోవాలి.

మన ఊళ్లోనే ప్రారంభించాలంటే..

పెద్ద సంస్థలో చేరే వీలు లేనివారు నిరాశపడనక్కర్లేదు. ఈ పద్ధతిని గ్రామ గ్రంథాలయంలోనో, బడి వరండాలోనో, పొదుపు సంఘం సమావేశం చివరనో అనుసరించవచ్చు. పెట్టుబడి మూడు రంగు కాగితాలు, ఒక సెల్‌ఫోన్ గడియారం, ఒక నోటు పుస్తకం.

* ఎనిమిది నుంచి పదిహేను మంది చాలు. వారానికో, పదిహేను రోజులకో ఒకే రోజు, ఒకే సమయానికి కలవాలి. వచ్చినవారు నలుగురే అయినా సమావేశం ఆపరాదు.

* గంటకు మించరాదు. ముగ్గురు సిద్ధం చేసుకున్న ప్రసంగాలు చేయాలి. మరో నలుగురు చీటీలో వచ్చిన అంశంపై రెండేసి నిమిషాలు మాట్లాడాలి. చివరి పావుగంట మూల్యాంకనానికి కేటాయించాలి.

* సభాధ్యక్షుడు, గడియారం చూసేవారు, ఊతపదాలు లెక్కించేవారు ప్రతిసారీ మారాలి. సర్పంచ్ వచ్చినా, ప్రధానోపాధ్యాయుడు వచ్చినా వారి వంతు వచ్చినప్పుడే మాట్లాడాలి.

* పార్టీల తగాదాలు, కుల మతాల వాదాలు లోపలికి రాకూడదని తొలి రోజే నిర్ణయించుకోవాలి.

* యాసను తప్పుగా లెక్కించరాదు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర, కోస్తా.. ఏ ప్రాంతపు మాటైనా ఎదుటివారికి అర్థమైతే అది మంచి తెలుగే. యాసను వెక్కిరించిన చోట సగం మంది మరోసారి నోరు తెరవరు.

* ఇంగ్లిషులో మాట్లాడాలన్న నిబంధన అక్కర్లేదు. ముందు మాతృభాషలో భయం పోతే, రెండో భాషలో మాట్లాడటం తేలికవుతుంది.

తొలి ప్రసంగానికి సిద్ధపడేవారికి

స్వయంగా చేసిన పని గురించే మాట్లాడటం మేలు. నాట్లు వేయడం, బస్సు నడపడం, పెళ్లి వంట చేయడం వంటి తెలిసిన విషయమైతే మాట దానంతటదే వస్తుంది. ప్రసంగమంతా బట్టీపట్టరాదు. ఒక్క వాక్యం మరచిపోతే మొత్తం కూలిపోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠస్థం చేసి, మధ్యలో చెప్పవలసిన మూడు అంశాలను చిన్న కాగితంపై రాసుకోవాలి. లేవగానే మొదలుపెట్టక, ఒక దీర్ఘశ్వాస తీసుకుని, సభలో తెలిసిన ముఖాన్ని చూసి ఆరంభించాలి. మాట తట్టనప్పుడు ‘ఆ..’ అని సాగదీయకుండా మౌనంగా ఆగాలి. వక్తకు యుగంలా తోచే ఆ రెండు క్షణాలను శ్రోతలు గమనించను కూడా గమనించరు.

కొన్ని హద్దులూ ఉన్నాయి

సంఘంలో చేరిన నెలకే అంతా మారిపోతుందని ఆశించరాదు. మొదటి రెండు, మూడు ప్రసంగాలు తడబాటుతోనే సాగుతాయి. నత్తి ఉన్నవారు, సభ పేరు వింటేనే నిద్రాహారాలు కరవయ్యేంత ఆందోళన చెందేవారు సంఘంతోపాటు వైద్య నిపుణుల సలహా కూడా తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన హద్దు మరొకటి ఉంది. మాట నేర్పు విషయజ్ఞానానికి బదులు కాదు. చెప్పడానికి ఏమీ లేని వ్యక్తి ధారాళంగా మాట్లాడటం నేర్చుకుంటే ఊరికి మరో మైకాసురుడు తయారవుతాడు తప్ప ప్రయోజనం ఉండదు. సంఘం లక్ష్యం ఉపన్యాసకులను తయారుచేయడం కాదు, తెలిసినది చెప్పగల మనుషులను తయారుచేయడం.

గ్రామసభలో తల వంచుకున్న రైతు మహావక్త కానక్కర్లేదు. ‘మా వీధికి నెలరోజులుగా నీళ్లు రావడం లేదు, ఎప్పటికి బాగుచేస్తారు?’ అని లేచి అడగగలిగితే చాలు. అది పట్టుమని పది సెకన్ల ప్రసంగం. ఆ ప్రశ్న సభ పుస్తకంలోకి ఎక్కుతుంది, జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారిపై పడుతుంది. ఆ పది సెకన్ల కోసం ఊరి గ్రంథాలయంలో వారానికి ఒక గంట వెచ్చించడం పెద్ద ఖర్చేమీ కాదు.