చెయ్యి వచ్చిందా, పని వచ్చిందా?

కాలూ చెయ్యీ పడిపోయి, ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషిని చూడ్డానికి అత్తిలి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా చుట్టాలూ ఇరుగుపొరుగూ బత్తాయిలు పట్టుకుని వస్తారు. మంచం పక్కకి కుర్చీ లాక్కుని అడిగే మొదటి మాట, "చెయ్యి ఏమైనా వచ్చిందాండీ?" చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడా, చెంబుతో నీళ్లు తనే పోసుకుంటున్నాడా అని అడిగేవాళ్లు తక్కువ. ఆక్యుపేషనల్ థెరపీ అనే వైద్యవిభాగం నూరేళ్లకు పైగా ఆరా తీస్తున్నది మాత్రం ఈ రెండో సంగతే. పక్షవాతం తర్వాత మనిషి తన రోజును తాను మళ్లీ ఎలా నడుపుకోవాలన్న విషయంలో మన గోదావరి డెల్టాలో బలంగా తిరిగే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం.

అపోహ: "అది ఫిజియోథెరపీకే ఇంకో పేరండి."

కాదు. కండరానికి బలం, కీలుకు కదలిక, నడకకు నిలకడ తేవడం మీద ఫిజియోథెరపిస్టు దృష్టి ఎక్కువ. ఆ బలాన్నీ కదలికనీ స్నానం, తిండి, వంట, కొట్లో బేరం దాకా తీసుకెళ్లడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. బలం పూర్తిగా రాకపోతే ఉన్నదానితోనే పని జరిగే ఉపాయం చూస్తారు. చొక్కా తొడుక్కునేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తియ్యాలి. ఇంత చిన్న సంగతి తెలియక రోజూ పొద్దున్నే ఇంట్లో ఇద్దరు అవస్థ పడుతుంటారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కూడా ఈ రెండింటినీ వేర్వేరు వృత్తులుగానే గుర్తించింది.

1917 మార్చిలో, అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ఆక్యుపేషనల్ థెరపీ వృత్తికి సంఘం పుట్టింది. నలుగురినీ పిలిచి కూర్చోబెట్టిన జార్జ్ బార్టన్ డాక్టరు కాదు, ఆర్కిటెక్టు. క్షయతో నలిగి, ఎడమ పక్క చచ్చుబడి, చేతిపని చేసుకుంటూ కోలుకున్న మనిషి. మన దేశానికి దీన్ని తెచ్చినావిడ కమలా నింబ్కర్. అమెరికాలో ఎలిజబెత్ లుండీగా పుట్టి, భారతీయుణ్ని పెళ్లాడి ఇక్కడికి వచ్చి, 1950లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదటి శిక్షణ పాఠశాల పెట్టారు. తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం వీధుల్లో ఫిజియోథెరపీ బోర్డు కనిపించినంత తేలిగ్గా ఈ బోర్డు ఇప్పటికీ కనిపించదు. కనిపించినా ఎక్కువగా పిల్లల ఆటిజం కేంద్రాల మీదే. అందుకే ఇది పిల్లల వ్యవహారం అనుకునేవాళ్లూ ఉన్నారు.

అపోహ: "పాపం, ఆయన్ని కష్టపెట్టకండి. అన్నీ మేం చేసి పెడతాం."

అన్నిటికంటే ప్రేమగా చెప్పే మాట ఇదే. నా లెక్కలో అన్నిటికంటే నష్టం చేసేదీ ఇదే.

పక్షవాతం వచ్చిన కొత్తలో పడిపోయిన చెయ్యి ఏ పనీ చెయ్యలేదు. చేయించబోతే వస్తువు జారుతుంది, అన్నం ఒలుకుతుంది. దాంతో మనిషి రెండో చేతికి అలవాటు పడతాడు, మిగిలింది ఇంట్లోవాళ్లు అందుకుంటారు. కొన్ని వారాలకు మెదడు కొంత కుదురుకుని ఆ చేతిలో కదలిక మొదలైనా దాన్ని వాడే అలవాటు పోయి ఉంటుంది. చెయ్యగలదు గానీ చెయ్యదు. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇది మొదట కోతుల్లో గమనించి, ఆ తర్వాత మనుషుల్లో ఒక మందు కనిపెట్టాడు. బాగున్న చేతికి తొడుగు వేసి కట్టెయ్యడమే ఆ మందు. మెలకువగా ఉన్న సమయంలో నూటికి తొంభై వంతులు బాగున్న చెయ్యి తొడుగులోనే ఉంటుంది. రెండు వారాల పాటు రోజూ గంటల తరబడి పడిపోయిన చేత్తోనే పనులు. 2006లో వెలువడిన ఎక్సైట్ అనే పరిశోధనలో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని చూశారు. ఈ పద్ధతి పాటించినవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్లకంటే ఆ చేత్తో ఎక్కువ పనులు చేశారు. ఏడాది తర్వాత చూసినా తేడా నిలిచే ఉంది.

ఇది చదివి రేపు పొద్దున్నే నాన్నగారి మంచి చెయ్యి కట్టెయ్యకండి. మణికట్టూ వేళ్లూ కొద్దిగానైనా పైకి ఎత్తగలిగినవాళ్లకే ఇది పనికొస్తుంది. నడకలో తూలే మనిషికి మంచి చెయ్యి కట్టేస్తే పట్టుకోవడానికి ఆసరా లేక పడిపోతాడు. థెరపిస్టు చూసి సరేనన్నాకే. ఇంట్లోవాళ్లు వెంటనే చెయ్యగలిగింది ఒకటుంది. చెయ్యి చాచి అందుకోబోయే ముందు కాసేపు ఆగడం. బొత్తం పెట్టుకోవడానికి పావుగంట పడితే పట్టనివ్వండి. బడికి, మిల్లుకి, చేపల చెరువుకి పరిగెత్తే ఇంట్లో ఆ పావుగంట దొరకడం ఎంత కష్టమో తెలుసు. అయినా సాయంత్రం పూటైనా దొరకబుచ్చుకోవాలి.

అపోహ: "ఆరు నెల్లు దాటిపోయింది కదండీ, ఇంక రాదండి."

సగం నిజం. కోలుకోవడం ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు నెలల్లోనే జరుగుతుంది, అందుకే ఆ రోజులు వృథా చేసుకోకూడదు. కానీ ఆరో నెల దగ్గర తలుపు మూసుకుపోదు. పైన చెప్పిన పరిశోధనలోనే, ముందు మామూలు వైద్యం పొందినవాళ్లకు ఏడాది ఆలస్యంగా ఇదే శిక్షణ ఇచ్చారు. వాళ్లూ మెరుగయ్యారు. రెండేళ్లు గడిచేసరికి ముందు మొదలుపెట్టినవాళ్లకీ వాళ్లకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

దీనికి తిరగేసిన నమ్మకమూ ఉంది, మొదటి రోజు నుంచే లేపి నడిపించేస్తే తొందరగా బాగవుతారని. 2,104 మందితో చేసిన అవర్ట్ పరిశోధన 2015లో దీన్ని తేల్చింది. ఇరవై నాలుగు గంటల్లోపే, ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపినవాళ్లలో నూటికి 46 మంది బాగా కోలుకుంటే, మామూలుగా చూసినవాళ్లలో 50 మంది కోలుకున్నారు. తొందరపాటే కొంత చెరుపు చేసింది.

అపోహ: "స్పాంజి బంతి నొక్కండి, దూలానికి తాడు కట్టి లాగండి, చెయ్యొచ్చేస్తుంది."

మెడికల్ షాపులో పసుపుపచ్చ బంతి కొనని పక్షవాతం ఇల్లు ఉండదేమో. చాలామందికి బిగుసుకుపోయే గుణం పిడికిలి మూసే వైపే ఉంటుంది. వాళ్లకు కష్టమయ్యేది గ్లాసు పట్టుకోవడం కాదు, పట్టుకున్న గ్లాసును వదలడం. అలాంటి చేత్తో గంటల తరబడి బంతి పిసికితే వేళ్లు తెరుచుకోవడం నేర్చుకోవు. దాని బదులు గ్లాసు తీసి పక్కన పెట్టడం, తువ్వాలు మడవడం, చిక్కుడుకాయలు ఈనె తీయడం లాంటి పనులు మేలు. పట్టుకోవడమూ వదలడమూ రెండూ వాటిలో ఉన్నాయి.

తాడు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కప్పీ మీదుగా తాడు వేసి, మంచి చేత్తో లాగి పడిపోయిన చేతిని తలపైకి ఎత్తడం మన ఇళ్లలో మామూలు. 1990లో 28 మందితో చేసిన ఒక చిన్న పరిశోధనలో, ఇలా కప్పీ వాడినవాళ్లలో నూటికి 62 మందికి భుజం నొప్పి పట్టుకుంది. థెరపిస్టు చేత్తో పట్టి కదిపినవాళ్లలో ఆ నొప్పి వచ్చింది 8 శాతానికి. కండరం పట్టు తప్పిన భుజం కీలు వదులుగా ఉంటుంది, దాన్ని లాగితే లోపల నలుగుతుంది. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగడమూ అంతే తప్పు. నడుం దగ్గర పట్టుకుని లేపాలి.

పావురం రక్తంతో మర్దనా గురించి ఒక్క మాట చాలు. పక్షవాతం దెబ్బ తగిలింది మెదడులో, తోలు మీద కాదు.

అపోహ: "కుడిచెయ్యే కదండీ పోయింది, ఇక ఎవరో ఒకరు తినిపించాల్సిందే."

రోగి కోలుకోవడాన్ని కొలవడానికి ప్రపంచమంతా వాడే బార్తెల్ కొలమానం 1965లో అమెరికాలో తయారైంది. పది పనులు, నూరు మార్కులు. అందులో తిండికి మార్కులు వెయ్యాలంటే మనిషి ముక్కలు కోసుకోవాలి, ఉప్పూ మిరియాలూ చల్లుకోవాలి, వెన్న రాసుకోవాలి. పప్పన్నంలో నెయ్యి వేసి కలుపుకోవడం, వేళ్ల కొసలతో ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి నెట్టడం అక్కడివాళ్లకు తట్టే అవకాశమే లేదు. ఇది చెంచా కంటే కష్టమైన పని. మణికట్టు తిరగాలి, అయిదు వేళ్లూ ఒకదానికొకటి సాయం పట్టాలి. అందుకే మన దగ్గర థెరపీ ఈ ముద్ద దగ్గరే మొదలవ్వాలని నా అభిప్రాయం. ముందు ముద్దపప్పూ అన్నం, తర్వాత కూర, చారు ఆఖర్న. పళ్లెం అంచు ఎత్తుగా ఉండాలి, జారకుండా కింద తడిగుడ్డ వెయ్యాలి. చెంచా వాడితే పిడికి గుడ్డ చుట్టి లావు చెయ్యాలి.

మరి ఎడమ చెయ్యి? అసలు అడ్డంకి కండరంలో లేదు, మర్యాదలో ఉంది. ఎడమ చేత్తో తినడం తప్పని పుట్టినప్పటి నుంచీ విన్న పెద్దాయన, పదిమందిలో ఆ చేత్తో ముద్ద ఎత్తడానికి సిగ్గుపడి పస్తయినా ఉంటాడు గానీ తినడు. షష్ఠి తీర్థానికి వచ్చిన చుట్టాల మధ్య పంక్తిలో కూర్చోడు. పెద్దకోడలో మనవరాలో ముందుగా "తాతయ్యా, ఎడమ చేత్తో తినండి, ఫరవాలేదు" అనాలి. కుడిచేతికి శిక్షణ ఆపమని కాదు, అది వచ్చేదాకా కడుపు ఆగదు కనక. ఏ చేత్తో తిన్నా నిటారుగా కూర్చునే తినాలి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే డాక్టరుకు చెప్పాలి.

ఎడమ పక్క పడిపోయినవాళ్లది ఇంకో చిత్రం. కొందరు పళ్లెంలో కుడి సగమే తిని, ఎడమ సగం అలాగే వదిలేస్తారు. గడప దాటేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొడుతుంది. "చూపు మందగించింది, కళ్లజోడు మార్పించాలి" అంటారు ఇంట్లో. కన్ను బాగానే ఉంటుంది, ఎడమ వైపు లోకం ఉందన్న సంగతే మెదడు మర్చిపోతుంది. అటు తల తిప్పి వెతికి చూడటం ఓపిగ్గా నేర్పించాలి.

అపోహ: "ఇంట్లోవాళ్లకి నేర్పేస్తే చాలండి, థెరపిస్టు ఎందుకు?"

డబ్బు తక్కువ, థెరపిస్టులు తక్కువ అయిన దేశంలో ఎవరికైనా వచ్చే ఆలోచనే. ఇది నిజమైతే బాగుండునని పరిశోధకులూ అనుకున్నారు. అటెండ్ అనే పరిశోధనలో మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులను తీసుకుని, సగంమంది ఇళ్లలో ఒకరికి శిక్షణ ఇచ్చి పంపారు. బృందంలో హైదరాబాద్‌కు చెందిన ప్రజారోగ్య పరిశోధకుడు జి.వి.ఎస్. మూర్తి, బ్రిటన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు మారియన్ వాకర్ కూడా ఉన్నారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లూ, ఇతరుల మీద ఆధారపడినవాళ్లూ కలిపి శిక్షణ పొందిన ఇళ్లలో నూటికి 47, పొందని ఇళ్లలో నూటికి 47.

అదే వాకర్ 1999లో నాటింగ్‌హామ్‌లో 185 మందితో చేసిన పరిశోధన గుర్తు చేసుకోవాలి. అక్కడ థెరపిస్టే రోగి ఇంటికి వెళ్లింది, రోగులు మెరుగయ్యారు. 2017లో ఇలాంటి తొమ్మిది పరిశోధనలను (994 మంది) కలిపి చూసిన సమీక్ష కూడా రోజువారీ పనుల్లో మేలు కనిపిస్తోందనే చెప్పింది, ఆధారాల బలం తక్కువేనని హెచ్చరిస్తూ. అన్నిచోట్లా ఫలించిందనీ అనలేం. బ్రిటన్ వృద్ధాశ్రమాల్లో వెయ్యిమందికి పైగా చేసిన పరిశోధనలో ఏ ప్రయోజనమూ తేలలేదు. నాకు అర్థమైనంతలో, నాలుగు రోజులు చూపించి పంపే కుటుంబం థెరపిస్టుకు తోడు కాగలదు, బదులు కాలేదు.

అపోహ: "ఇంట్లోనే ఉంటే పడే భయం లేదు."

పడేది ఎక్కువగా ఇంట్లోనే. వరదకి భయపడి ఎత్తుగా కట్టుకున్న అరుగులు, నాచు పట్టిన పెరటి గచ్చు, రాత్రిపూట దీపం లేని దొడ్డిదారి డెల్టా ఇళ్లకు మామూలు. కొల్లేటి లంకల్లో దీనికి పడవ రేవు కూడా కలుస్తుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు లిండీ క్లెమ్‌సన్ నాయకత్వంలో 2023లో వచ్చిన సమీక్ష ప్రకారం, వృద్ధుల ఇళ్లలో ఇలాంటి ప్రమాదాలు సరిచేస్తే పడిపోవడం 26 శాతం తగ్గింది. పడే ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లలో 38 శాతం. గోడకు పట్టుకునే కడ్డీ, దొడ్డిలో ఒక బల్బు, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి మీద నాలుగు కాళ్ల కమోడ్ కుర్చీ. నెల మందుల ఖర్చు దాటనివి వీటిలో చాలా ఉన్నాయి.

ఒక్క మాటను మాత్రం అపోహల్లో వెయ్యలేను. "మరీ బాగుపడితే పింఛను తగ్గిస్తారేమోనండి" అంటారు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. తేడా తొమ్మిది వేలు. కూలి పోయిన ఇంట్లో అది నెల బియ్యం, పప్పు, మందులు. మంచం దిగి అరుగు దాకా నడిచిన మనిషిని చూసి ఇంట్లోవాళ్లు సంతోషంతోపాటు లెక్క కూడా వేసుకుంటే వాళ్లని తప్పుపట్టడానికి లేదు. పింఛను నియమాలు రాసేవాళ్లు ఈ తేడాను మెట్లు మెట్లుగా తగ్గేలా మార్చితే, థెరపిస్టు చెప్పిన మాట ఆ ఇంట్లో ఇంకాస్త తేలిగ్గా చెవికెక్కుతుంది.